బంతి మీదొక కన్ను, గుంత మీదొక కన్ను

మా సంస్థలో ఒక ఫైలు మీద సాహెబుగారు "ఆమోదించాను" అని రాశారంటే ఇక దాన్ని ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా మార్చలేడు. ఏది ఆమోదించారండీ అని అడగడం కూడా కుదరదు. అడిగితే ఆయన చదవకుండా సంతకం పెట్టారని మనం అన్నట్టవుతుంది. నా రెండు కళ్ళూ ప్రభుత్వ ఆస్తి అయిపోవడానికి మూలం ఈ మర్యాదే.

మాది రాష్ట్ర సరుగుడు అభివృద్ధి సంస్థ. విశాఖపట్నంలో, ఉప్పుగాలికి కిటికీ చువ్వలన్నీ తుప్పుపట్టిన భవనం. సముద్రతీరం పొడుగునా సరుగుడు తోటలు పెంచడం మా పని. నా పేరు వైకుంఠరావు, అందులో సీనియర్ అసిస్టెంటుని. నాకు పుట్టుకతో మెల్లకన్ను. కుడికన్ను ఎదుటి మనిషి మీద నిలిస్తే ఎడమకన్ను తన దారిన తాను పక్కకి పోతుంది. నేను క్యాషియర్ని పలకరిస్తే పక్కసీటాయన బదులు చెబుతాడు. పెళ్ళిచూపుల్లో నేను నూకరత్నాన్ని చూస్తుంటే, పక్కన కూచున్న వాళ్ళ మేనత్త సిగ్గుపడి లేచి లోపలికి వెళ్ళిపోయింది. మెల్లకన్ను మగాడికి అదృష్టమని వాళ్ళమ్మకు గట్టి నమ్మకం కాబట్టి ఆ సంబంధం నిలబడింది.

ఆ అదృష్టం నాకెప్పుడూ ఎదురుపడలేదు. పడినా నేను తనవైపు చూడట్లేదనుకుని వెళ్ళిపోయి ఉంటుంది. కోపంగా చూస్తే ఎవరూ భయపడరు, ప్రేమగా చూస్తే ఎవరూ గుర్తించరు. మా ఆవిడ కొత్త చీర కట్టుకుని ఎదురుగా నిలబడి, "నన్నే సూత్తన్నారా, గోడ మీద కేలెండరు సూత్తన్నారా? నోటితో సెప్పండి, నాకు తెల్డం లేదు" అంటుంది. సరదాకే అంటుంది. నాకు మాత్రం గుండెలో కలుక్కుమంటుంది. అందుకే మద్రాసు నుంచి ఏడాదికోసారి వచ్చే పెద్ద కళ్ళడాక్టరు చేత ఆపరేషన్ చేయించుకోవాలని పట్టుబట్టి, ఈ ఏటికి తారీఖు సంపాదించాను. సెలవు కూడా మంజూరైంది. అదిగో, సరిగ్గా ఆ ఏడే మా సంస్థకి చూపు మీద మనసైంది.

మా సాహెబుగారు, అంటే మేనేజింగ్ డైరెక్టరు పరాంకుశం గారు, గోల్ఫ్ ఆడతారు. ఆ ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను, నాకు తెలిసినవీ ఆ రెండే. తెల్లబంతిని కర్రతో కొట్టుకుంటూ మైదానమంతా తిరుగుతారు. చివరికి గడ్డిని గెడ్డం గీసినంత నున్నగా కత్తిరించిన జాగా ఒకటి వస్తుంది. అందులో చిన్న గుంత ఉంటుంది. బంతిని ఆ గుంతలోకి సుతారంగా నెట్టడాన్ని పటింగ్ అంటారు. మైళ్ళకొద్దీ కొట్టుకొచ్చిన పెద్దమనుషులు ఆ కాస్త దూరం దగ్గర చతికిలబడతారు.

ఏటా ప్రభుత్వ సంస్థలన్నీ కలిసి గోల్ఫ్ కప్పు ఆడతాయి. కిందటేడు ఫైనల్లో, మంత్రిగారు గొడుగు కింద నిలబడి చూస్తుండగా, మూరెడు దూరంలో ఉన్న గుంతలో మా సాహెబుగారు బంతి వెయ్యలేకపోయారు. కప్పు జీడిమామిడి అభివృద్ధి సంస్థ ఎగరేసుకుపోయింది. మర్నాడు మా అందరికీ మెమోలు వచ్చాయి: "బంతి గుంతలో పడకపోవుటకు బాధ్యులెవరో సంజాయిషీ సమర్పించవలెను." ఆ సమయానికి మేమంతా ఆఫీసులో విధినిర్వహణలో ఉన్నామని రాసిచ్చాం. అది అబద్ధమని తేలితే ఇంకో మెమో వచ్చేదే గానీ, ఎవరూ తేల్చలేదు.

సంజాయిషీలన్నీ పరిశీలించి సాహెబుగారు మీటింగు పెట్టారు.

"మిత్రులారా, దీన్ని ఒక వ్యక్తి వైఫల్యంగా చూడకండి" అన్నారు, ఆ వ్యక్తి తానే కాబట్టి. "ఇది విధానపరమైన శూన్యత. పటింగ్ సమయంలో అధికారి దృష్టి ఎక్కడ కేంద్రీకృతం కావాలి? దీని మీద ఈ సంస్థలో ఒక్క ఉత్తర్వైనా ఉందా?"

లేదు. ఇన్నేళ్ళుగా ఒక చూపు విధానమంటూ లేకుండానే సరుగుడు పెంచేశాం. అందరం తలలు దించుకున్నాం.

పరిపాలన మేనేజరు జగ్గప్పారావు గారు లేచారు. "సర్, నా వినమ్ర అభిప్రాయంలో దృష్టి బంతి మీదే ఉండాలి. మన చేతికింద ఉన్నదాన్ని అనుక్షణం కనిపెట్టుకుని ఉండడమే పరిపాలన. చూపు తిప్పామా, అది మన పరిధి దాటిపోతుంది."

అకౌంట్స్ మేనేజరు కనకవల్లి గారు కూచునే మాట్లాడారు. ఆవిడ ఎవరికోసమూ లేవరు. "లక్ష్యం గుంత సర్. లక్ష్యాన్ని చూడాలి. మా సెక్షన్ ఏప్రిల్ మొదటి తారీఖు నుంచీ మార్చి నెలాఖరునే చూస్తూ కూచుంటుంది. మధ్యలో ఏం జరుగుతోందో మేం పట్టించుకోం. లెక్కలు ఎప్పుడైనా తప్పాయా?"

ఇద్దరితోనే కమిటీ వేశారు. కమిటీ అధ్యయనానికి ఊటీ వెళ్ళింది. ఎత్తు పెరిగితే చూపు మారుతుందేమోనన్న అనుమానం నివృత్తి చేసుకోవడానికి కొడైకెనాల్ కూడా వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఇద్దరికీ జలుబు తప్ప వేరే ఏకాభిప్రాయం లేదు. ఆఫీసు రెండుగా చీలింది. పరిపాలన సెక్షను బంతి పక్షం, అకౌంట్స్ గుంత పక్షం. క్యాంటీన్‌లో బల్లలు వేరయ్యాయి. గుంత పక్షం వాళ్ళ పీఎఫ్ అడ్వాన్సులు మాత్రమే పాసవుతున్నాయని గ్రహించి, పరిపాలనలో సగంమంది రాత్రికి రాత్రే గుంత సిద్ధాంతానికి మారిపోయారు.

చివరికి నివేదిక ఫైలు సాహెబుగారికి పెట్టాల్సొచ్చింది. ఆ ఫైలు తయారుచేసింది నేనే, నా చేతులు విరిగిపోనూ! పద్ధతి ప్రకారం రెండు ప్రతిపాదనలూ రాశాను. 'ఎ': దృష్టిని బంతిపై నిలుపుట. 'బి': దృష్టిని గుంతపై నిలుపుట. కింద "పై రెండింటిలో ఒకటి తమ ఆమోదం నిమిత్తం సమర్పించడమైనది" అని ముగించాను. సాయంత్రానికి ఫైలు తిరిగొచ్చింది. ఆకుపచ్చ సిరాతో ఒక్క మాట: "ఆమోదించాను." కింద సంతకం, తారీఖు.

జగ్గప్పారావు గారు కాయితాన్ని వెలుతురుకి ఎత్తి చూశారు, వెనక్కి తిప్పి చూశారు. "వైకుంఠరావూ, ఏది ఆమోదించారయ్యా?"

"అడగమంటారా సార్?"

"నీకు పింఛను వద్దా?" అని కసిరి కనకవల్లి గారికి కబురుపెట్టారు. ఇద్దరూ చాలాసేపు తలుపేసుకుని కూచున్నారు. బయటికొచ్చేసరికి కళకళలాడుతున్నారు. సాహెబుగారు రెండూ ఆమోదించారు, కాబట్టి రెండూ అమలు చెయ్యాలి. పటింగ్ చేసే ప్రతి అధికారీ ఏకకాలంలో ఒక కన్ను బంతి మీదా, మరో కన్ను గుంత మీదా నిలపాలని సర్క్యులర్ వెలువడింది. సాహెబుగారికి అది అద్భుతంగా తోచింది. "సమన్వయం! ఇదే నా మనసులో ఉన్నది" అన్నారు.

అన్నాక సాధన మొదలైంది. వరండాలో పచ్చ తివాచీ పరిచి, చివర స్టీలు గ్లాసు పడుకోబెట్టారు. అధికారులు మధ్యాహ్నం భోజనాలయ్యాక వరసగా నిలబడి కళ్ళని చెరో దిక్కుకి పంపడానికి తంటాలు పడేవారు. ప్లానింగ్ ఆఫీసరు కళ్ళు రెండూ ముక్కు దగ్గరికొచ్చి అక్కడే ఉండిపోయాయి, చన్నీళ్ళు కొడితే గానీ వెనక్కి పోలేదు. ఒక విధానం పెట్టుకున్నాక అన్ని శాఖలకీ వర్తింపజెయ్యాలి గనక, తోటల్లో మొక్కలు నాటేవాళ్ళు కూడా ఒక కన్ను మొక్క మీదా, మరో కన్ను పెరగబోయే చెట్టు మీదా పెట్టాలని ఉత్తర్వు వెళ్ళింది. భీమిలి తోట నుంచి తిరుగు టపాలో జవాబొచ్చింది: పెరగబోయే చెట్టు ఏ ఎత్తున చూడవలెనో తెలుపగలరు, అంతవరకు నాటుట ఆపడమైనది.

కప్పు పోటీలు దగ్గరపడ్డాయి. అమలు శాతం ఎంతో రాసి పంపమని సాహెబుగారు అడిగారు. ఒక్కడు కూడా అమలు చెయ్యలేకపోయాడని ఎలా రాస్తాం? జగ్గప్పారావు గారు తల పట్టుకుని కూచున్న వేళ, నేను సెలవు సంగతి గుర్తుచెయ్యడానికి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఆయన తలెత్తి నన్ను చూశారు. కుర్చీలోంచి నెమ్మదిగా లేచారు.

"కదలకు. ఇప్పుడు నువ్వు నన్ను చూస్తున్నావా?"

"చిత్తం సార్."

"నీ ఎడమకన్ను ఏం చూస్తోంది?"

"బీరువా సార్. అది నా మాట వినదు సార్."

పావుగంటలో నన్ను తివాచీ దగ్గర నిలబెట్టారు. దారం పట్టుకుని కొలిచారు. కుడికన్ను బంతి మీద నిలిస్తే ఎడమకన్ను తిన్నగా స్టీలు గ్లాసు మీదికి పోతోందట. కనకవల్లి గారు మొట్టమొదటిసారి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నిబంధనకు అనుగుణంగా పుట్టాడయ్యా!" అన్నారు. నా జీవితంలో నా కళ్ళని మెచ్చుకున్నది ఆవిడొక్కరే. ఒక్క క్షణం పొంగిపోయానని ఒప్పుకుంటాను.

ఆ పొంగు మూడోనాటికి చప్పున చల్లారింది. నన్ను సంస్థ పటింగ్ ప్రతినిధిగా నియమించారు. అంతవరకు బాగానే ఉంది. నా కళ్ళు సంస్థకి అత్యవసర వనరు గనక వాటిని స్థిరాస్తుల పట్టికలో చేర్చారు, జీపుకీ జనరేటరుకీ మధ్యన. ఆస్తి అన్నాక దాని మీద తెల్లరంగుతో నంబరు వెయ్యాలి. స్టోర్సు వాళ్ళు రంగుడబ్బా, బ్రష్షు పట్టుకుని నా సీటు దగ్గరికొచ్చారు. నుదుటి మీద వేస్తామన్నారు. బతిమాలుకుంటే, తాత్కాలికంగా నా టిఫిన్ క్యారేజీ మీద వేసి వెళ్ళారు.

"మరి నా ఆపరేషను సార్?" అని అడిగాను.

జగ్గప్పారావు గారు నా వైపు జాలిగా చూశారు. "ప్రభుత్వ ఆస్తి రూపురేఖలు మార్చడానికి వీల్లేదు వైకుంఠరావూ. ముందు అది పనికిరానిదని బోర్డు తీర్మానించాలి. ప్రస్తుతం అది బ్రహ్మాండంగా పనికొస్తోంది. నీ సెలవు రద్దు."

"డాక్టరు మళ్ళీ ఏడాదిదాకా రారు సార్. ఈసారి తప్పితే వయసు మీరిపోతుంది, ఇక చెయ్యనన్నారు."

"కప్పు గెలిచావనుకో, నీ కళ్ళు శాశ్వత ఆస్తి. ఓడిపోయావనుకో, విచారణ జరుగుతుంది. విచారణ పూర్తయ్యేవరకు సాక్ష్యాధారాలు యథాతథంగా ఉండాలి. ఎటొచ్చీ నువ్వు కంగారు పడాల్సిన పనిలేదు, ఏం జరిగినా నీ కళ్ళు క్షేమం."

ఇంటికెళ్ళి చెబితే నూకరత్నం చేటలో బియ్యం అలాగే వదిలేసింది. "మీ కళ్ళు మీయి కావంటే ఏటండీ? రేపు నా సెవులు కావాలంటారు, ఇచ్చేత్తారా? బంతి ఆడుకోడానికి మనిషి కళ్ళా? ఇదేం సోద్యం, నానెప్పుడూ ఇన్లేదు." చేట పక్కకి జరిపి మెల్లగా అంది. "ఓ పాలి తిన్నగా సూత్తారని ఆశ పడ్డాను." ఆ మాటకి నాకు అన్నం సయించలేదు. కోపం ఎవరి మీద చూపించాలో తెలీలేదు, చూపించినా వాళ్ళకి చేరదు.

ఫైనల్ రోజు రానే వచ్చింది. నా ఆపరేషన్ తారీఖు మర్నాడే. ప్రత్యర్థులు మళ్ళీ జీడిమామిడి వాళ్ళే. జట్టు తరఫున బంతిని ఎవరైనా కొట్టవచ్చు గనక, దూరపు దెబ్బలన్నీ సాహెబుగారు కొట్టారు. చివరి నున్నటి జాగాకి వచ్చేసరికి రెండు జట్లూ సమానం. గుంత మూరెడు దూరంలో ఉంది. గొడుగు కింద మంత్రిగారు. చుట్టూ మా సంస్థ యావత్తూ టోపీలు పెట్టుకుని నిలబడింది.

సాహెబుగారు నా చేతికి కర్ర ఇచ్చి చెవిలో అన్నారు. "వైకుంఠరావ్, సమన్వయం. ఒకటి బంతి మీద, ఒకటి గుంత మీద. చరిత్ర నిన్నే చూస్తోంది."

వంగి నిలబడ్డాను. కుడికంటికి బంతి కనిపించింది. ఎడమకంటికి గుంత కనిపించింది. కొడితే గెలుస్తాను, ఇక జన్మలో నూకరత్నం కళ్ళలోకి చూడలేను. కొట్టకపోతే ఓడతాను, అప్పుడూ చూడలేను. ఇంతా చేసి ఇది ఒక బంతి, ఒక గుంత! కడుపు మండిపోయింది. ఆ మంటకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మంత్రిగారి ముందు ఏడిస్తే పరువు పోతుందని రెండు కళ్ళూ గట్టిగా మూసుకుని, ఏమైతే అదే అయిందని కర్ర ఊపాను.

టక్కుమని ఎక్కడో శబ్దం. తర్వాత చప్పట్లు.

జీడిమామిడి ఎం.డి. గారు చెయ్యెత్తారు. "అభ్యంతరం! ఆయన కళ్ళు మూసుకున్నారు. నేను చూశాను."

సాహెబుగారి మొహం పాలిపోయింది. సొంత సర్క్యులర్‌ని సొంత ప్రతినిధి సొంత మంత్రి ఎదుట ఉల్లంఘించాడు. "నిజమా?" అన్నారు.

"నిజమే సార్. రెండూ మూశాను."

మంత్రిగారు గొడుగు కిందనుంచి బయటికొచ్చారు. గుంతలో ఉన్న బంతిని చూశారు, నన్ను చూశారు. "కళ్ళు మూసుకుని కొట్టాడా? ఇదయ్యా పరిపాలనంటే! ఇలాంటి నమ్మకం మా సచివాలయంలో ఒక్కడికీ లేదు. ఇది ఎవరి ఆలోచన?"

సాహెబుగారు ఒక్క అడుగు ముందుకేశారు. "నాదే సర్. కొత్త విధానం. చిత్తగించండి."

సాయంత్రం అయిదు కాకముందే సర్క్యులర్ వచ్చింది. పాత విధానం రద్దు. ఇకమీదట సంస్థలో సమస్త కార్యకలాపాలూ రెండు కళ్ళూ మూసుకునే జరగాలి. అమలు శాతం చూసి అందరూ ఆశ్చర్యపోయారు. మొదటిరోజే నూటికి నూరు. ఫైళ్ళు, టెండర్లు, తోటల తనిఖీలు, దేనిలోనూ ఒక్క లోపం లేదు. అసలీ విధానం సర్క్యులర్ రాకముందు నుంచే అమల్లో ఉందని కనకవల్లి గారు పాత రికార్డులు చూపించి, దానికి వెనకటి తేదీ నుంచి వర్తింపు ఇప్పించారు.

కళ్ళు మూసుకునేవాడికి మెల్ల ఉంటేనేం, లేకపోతేనేం? నా ఆస్తి ఆ సాయంత్రమే పనికిరానిదైపోయింది. బోర్డు సభ్యులు కళ్ళు మూసుకుని తీర్మానం మీద సంతకాలు పెట్టారు. ఆ కాయితం పట్టుకుని ఇంటికి పరిగెత్తాను. తెల్లారి ఆస్పత్రిలో పడుకున్నాను. ఆపరేషన్ జరిగింది. డాక్టరుగారు రెండు కళ్ళకీ కట్టుకట్టి, మర్నాడు పొద్దున్న విప్పాలని చెప్పి మద్రాసు రైలెక్కారు.

పొద్దున్నే వరండాలో బూట్ల చప్పుడు వినిపించింది. పూలదండ వాసన, కెమెరా క్లిక్కు. సాహెబుగారు పరామర్శకి వచ్చారు, వెనకాల జగ్గప్పారావు గారు. మంచం దగ్గరికొచ్చిన సాహెబుగారి గొంతు గద్గదమైంది.

"జగ్గప్పారావ్, చూశావా నిబద్ధత! మనం పనివేళల్లోనే మూసుకుంటున్నాం. ఇతను ఏకంగా కట్టు కట్టించుకున్నాడు. వచ్చే ఏడు కప్పుదాకా ఈ కట్టు విప్పకూడదు. ఇది మన సంస్థకి చిహ్నం."

"చిత్తం సర్. ఇప్పుడే ఆస్తుల పట్టికలో చేరుస్తాను" అన్నారు జగ్గప్పారావు గారు. పెన్ను మూత తీసిన చప్పుడు నాకు వినిపించింది.

"సార్, డాక్టరుగారు ఈ పొద్దున్నే విప్పమన్నారు సార్" అన్నాను.

"లిఖితపూర్వకంగా పెట్టుకో, పరిశీలిస్తాం."

అప్పుడు నా తలగడ పక్కన గాజులు గలగలలాడాయి.

"ఏం పరిసీలిత్తారు బాబూ?" అంది నూకరత్నం. "ఈ కళ్ళు మా అత్త కన్న కళ్ళు. వొంకరగున్నప్పుడు మీకు కావాల్సొచ్చేయి, ఊరుకున్నాను. బాగుసేయించుకుందారంటే ఒద్దన్నారు, ఊరుకున్నాను. ఇప్పుడు అసలు తెరవొద్దంటారా? తమరు ఆపీసరైతే ఆపీసులో. ఇక్కడ నాను సెప్పిందే జరుగుతాది."

"అమ్మా, నిబంధనల దృష్ట్యా..." అంటూ జగ్గప్పారావు గారు ఏదో మొదలెట్టారు.

ఆవిడ వేళ్ళు నా తల వెనక ముడి మీద పడ్డాయి. ఒక్క లాగుకి కట్టు ఊడింది.

వెలుతురు సూదుల్లా గుచ్చుకుంది. నీళ్ళు కారాయి. వాటి వెనకాల మసక మసకగా ఒక మొహం, కాసేపటికి తేటగా. ఒకటే మొహం. రెండు కళ్ళూ కలిసి ఒకే మనిషి మీద నిలబడడం ఎలా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. నూకరత్నం కనుబొమల మధ్య ముడత ఉందని, ముక్కుపుడక రాయి పచ్చదని, ఇన్నేళ్ళు కాపురం చేసి ఆ పొద్దున్నే చూశాను. చూస్తూనే ఉండిపోయాను, ఏడుస్తున్నానని కూడా తెలియలేదు. ఆవిడ మాత్రం నన్ను చూడట్లేదు. ఊడిన కట్టు గుప్పిట్లో పట్టుకుని మా సాహెబుగారిని చూస్తోంది. ఆ చూపు తిన్నగా, తప్పించుకోడానికి వీల్లేకుండా ఉంది. పక్కనున్న నాకే వొళ్ళు జలదరించింది.

సాహెబుగారు చూపు తిప్పుకోబోయారు, కుదరలేదు. ఇక గత్యంతరం లేక ఆయన రెండు కళ్ళూ గట్టిగా మూసుకున్నారు. సొంత సర్క్యులర్‌ని ఆయన మనస్ఫూర్తిగా పాటించడం నేను కళ్ళారా చూసింది అదే మొదలు.